పాలసూది

"సూదంటే భయమా మావయ్యగారూ?" అని మా కోడలు ఆటోలో నన్ను నిలదీసింది. నలభై ఏళ్ళు జనానికి సూదులు పొడిచి బతికినవాణ్ణి. నన్ను పట్టుకుని అడగాల్సిన మాటేనా అది!

మూడు నెలలుగా నా కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలంటే చుక్కలు కనిపిస్తున్నాయి. ఆ ఉదయం డాక్టరు కుర్రాడు, మంచివాడే పాపం, నా మోచెయ్యి పట్టుకుని "ఎంతవరకు లేస్తుందో చూపించండి తాతగారూ" అన్నాడు. ఎత్తాను. రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. "ఇంతవరకేనా?" అన్నాడు. స్టెరాయిడ్ ఇంజక్షన్ ఒక్కటి వేస్తే నెమ్మదిస్తుందట. ఇప్పుడు స్కానింగులో చూస్తూ సరిగ్గా చోటు పట్టి వేస్తారట. అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. అది మంచి మందే, తెలిసినవాడు వేస్తే, వేయించుకున్నవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే. కానీ ఆ "ఇంతవరకేనా" అన్న మాట చెవిన పడగానే నాకు ఒకాయన కళ్ళముందు నిలబడ్డాడు. చొక్కా భుజాన వేసుకుని లేచి వచ్చేశాను.

ఆయన పేరు రాయను. రాసినా ఒరిగేదేమీ లేదు. దివిసీమలో సముద్రపు అంచున ఉన్న వాళ్ళ ఊళ్ళో అమ్మవారి పేరు కలిసేలా ఇంటికొకరికి ఆ పేరే పెట్టుకుంటారు. మా ఆసుపత్రి పుస్తకంలో నేను "వల పెద్దాయన, కుడి భుజం" అని రాసుకునేవాణ్ణి. ఇంటిపేరు అడగాలని తోచలేదు. ఆ బద్ధకం తర్వాత నన్ను ఎంత ఏడిపించిందో చెబుతాను.

అవి డెబ్బైల నడిమి సంవత్సరాలు. నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది పామర్రు. నాన్న బడిపంతులు. ఆయన ఎంత బాదినా నాకు చదువు అబ్బక, విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఎముకల డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా కుదిరాను. ఆసుపత్రి అంటే మేడ మీద మూడు గదులు. కింద బట్టల హోల్‌సేలు కొట్టు. పొద్దుటి నుంచి బేళ్ళు దించే చప్పుడు, రిక్షావాళ్ళ కేకలు. మెట్ల మీద మనిషి కనిపించకముందే ఆ పెద్దాయన వచ్చిన సంగతి మాకు తెలిసిపోయేది. తాటాకు చుట్టలో ఎండు చేపలు తెచ్చేవాడు మరి. "ఎవరయ్యా ఈ అత్తరు పూసుకొచ్చింది?" అని డాక్టరుగారు లోపల్నుంచి అరిచేవారు. మా ఇంట్లో ఉల్లిపాయకే సవాలక్ష ఆంక్షలు. నాకా చుట్ట! గబగబా తీసుకుని ఆయమ్మ చేతిలో పెట్టేసేవాణ్ణి. మళ్ళీ వచ్చినప్పుడు ఆయన ముందుగా అడిగే మాట, "పులుసు ఎట్టా కుదిరిందండీ?" నేను "అద్భుతం" అనేవాణ్ణి. అబద్ధమని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. అయినా చుట్ట తేవటం మానలేదు, నేను అద్భుతం అనటమూ మానలేదు.

నన్ను "పామర్రు బాబూ" అనేవాడు. విజయవాడ రావటానికి ఆయన పామర్రులో బస్సు మారేవాడు. అక్కడ ఆలస్యమైతే ఆ తప్పు నాదే. "ఇయ్యాల మీ ఊరు నన్ను గంటన్నర ఎండలో నిలబెట్టిందండీ పామర్రు బాబూ, ఇదేం మర్యాదండీ" అని వచ్చీరాగానే తగువు వేసుకునేవాడు.

"మా ఊరికి ఉత్తరం రాస్తాలే పెద్దాయనా, ముందు కూర్చో" అనేవాణ్ణి.

యాభై దాటిన మనిషి. పొట్టి. కుడి భుజం ఎడమ భుజం కంటే ఎత్తుగా, గుండ్రంగా ఉండేది. ముందు పళ్ళు రెండు అరిగిపోయి ఉండేవి. విసురువల వేసేవాళ్ళు వల అంచు పళ్ళతో కరిచి పట్టుకుంటారు. ముప్పై అయిదేళ్ళు అలా కరిస్తే పళ్ళు అరగవూ మరి. మాట్లాడుతూ మాట్లాడుతూ తువ్వాలు అంచు నోట్లో పెట్టుకోవటం ఆయనకి అలవాటు. డాక్టరుగారు "అది తియ్యవయ్యా బాబూ, నువ్వేమంటున్నావో వినపడటం లేదు" అని విసుక్కునేవారు.

ఏ వస్తువు చూసినా గుండ్రంగా ఉందా లేదా అన్నదే ఆయన లెక్క. ఎదురుగా హోటల్లో దోసె తెప్పిస్తే, తినకుండా ప్లేటు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా పడిందండీ" అనేవాడు. ఒకసారి వంకర దోసె వస్తే సర్వరుతో "ఏసినోడికి నడుం తిరగలేదయ్యా" అన్నాడు. వల గుండ్రంగా విచ్చుకోవాలంటే చెయ్యి కాదు, నడుం తిరగాలట. చెయ్యి చివరికి వదలాలట.

ఇక భుజం నొప్పి. దానికాయన పెట్టిన పేరు అల్లుడు. "నాకు ఆడపిల్ల లేదండీ. అయినా అల్లుడు దిగబడ్డాడు. పొమ్మంటే పోడు. కుడిపక్కకి తిరిగి పడుకుంటే ఆడికి కోపం. సెయ్యెత్తితే ఇక సెప్పక్కర్లేదు, ఊరు ఊరంతా ఇనపడేట్టు గోల" అని మొదటి రోజు డాక్టరుగారితో చెప్పాడు. డాక్టరుగారు రోగులతో నవ్వే మనిషి కాదు. ఆ రోజు నవ్వారు.

మొదటి సూది పడిన రోజు ఆయన భార్య కూడా వచ్చింది. ఆయనకంటే జానెడు పొడుగు. కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడింది. ఆ మందు చిన్న సీసాలో పాలలా తెల్లగా ఉండేది. బాగా కుదిపి, దానికి తిమ్మిరి మందు కలిపి, డాక్టరుగారు భుజం ఎముక కిందకి వేసేవారు. మా దగ్గరికి వచ్చే జనం దాన్ని పాలసూది అనేవారు. జబ్బకి వేసే మామూలు సూదులు మాత్రం నా వంతు. ఆవిడ సీసా వైపు అనుమానంగా చూసి, "ఇయ్యి ఏ గేదె పాలండీ?" అంది.

తిమ్మిరి మందు అయిదు నిమిషాల్లో పనిచేస్తుంది. పెద్దాయన చెయ్యి నెమ్మదిగా ఎత్తి చూసుకున్నాడు. ఇంకాస్త ఎత్తాడు. చెవి దాటింది. తల దాటింది. మొహంలో ఏదో వెలుగు. చటుక్కున బల్ల మీద దుప్పటి లాగాడు. ఒక కొస పళ్ళతో కరిచాడు, సగం ఎడం మోచేతి మీద వేసుకున్నాడు, మిగతాది కుడిచేత్తో పోగుచేసి గిర్రున నడుం తిప్పాడు. ఏం జరుగుతోందో నాకు తెలిసేలోపల ఆ దుప్పటి గాల్లో విచ్చుకుని నా నెత్తి మీద పడింది. చేతిలో సూదుల ట్రేతో నేను లోపల. బయట ఆవిడ పకపకా నవ్వు. ఆ తర్వాత ఆయన గొంతు, చాలా గంభీరంగా, "గుండ్రంగానే పడిందాండీ?"

"నొప్పి పోయింది గానీ జబ్బు పోలేదయ్యా" అని డాక్టరుగారు కసిరారు. "మూడు వారాలు వల ముట్టుకోకు."

"అట్టాగేనండీ" అన్నాడు. మెట్లు దిగుతూ నా దగ్గర ఆగి, "సూదేసినాక ఒళ్ళొంచి పనిసేస్తేనే మందు కండలోకి దిగుద్దంట గదండీ పామర్రు బాబూ? మా వోళ్ళంతా అంటారు" అని అడిగాడు. నేను సిరంజి కడుక్కుంటున్నాను. సగం విని "ఆఁ ఆఁ" అన్నాను. మర్నాడు తెల్లవారకముందే ఆయన నడుంలోతు నీళ్ళలో నిలబడి మందు దించుకోవటం మొదలుపెట్టాడని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. రెండో సూదికి వచ్చినప్పుడు ఆయనే గొప్పగా చెప్పాడు. డాక్టరుగారు ఆ రోజు తిట్టిన తిట్లు కింద బట్టల కొట్టు వాళ్ళు కూడా విన్నారు.

మూడోసారి వచ్చినప్పుడు డాక్టరుగారు సూది వెయ్యలేదు. పక్కన కూర్చోబెట్టుకుని శాంతంగానే చెప్పారు. "మీదమీద వేస్తే లోపలి నరం చివికిపోతుంది. చివికిన తాడుతో నువ్వు వల కడతావా? కట్టవు కదా. ఆరు నెలలు వల పక్కన పెట్టు. చెయ్యి దక్కుతుంది."

ఆయన తువ్వాలు అంచు పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. తాళ్ళ సంగతి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. తువ్వాలు తీసి "జాతర ఉందండీ" అన్నాడు.

వాళ్ళ ఊరి ఆచారం ఒకటుంది. మాఘంలో అమ్మవారి జాతరనాడు, ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుండగా, పాయలో మొదటి వల ఒకడు వేస్తాడు. అది గుండ్రంగా పడితే ఆ ఏడు నీళ్ళు కరుణిస్తాయి. చీలి పడితే ఊరంతా మొహాలు వేలాడేసుకుని ఇళ్ళకి పోతారు. ఆ వల వాళ్ళ నాన్న వేశాడు, తర్వాత ఈయన. ఇరవై రెండేళ్ళుగా ఒక్కసారీ చీలలేదట. ఇక వెయ్యలేనని చెప్పినవాడు గట్టు మీదకి వెళ్ళి నిలబడాలి. ఆ తర్వాత ఎప్పుడూ ఇంకొకరి వల తాడు లాగే పనే. "గట్టెక్కటం అంటే మాకు పాడెక్కటమేనండీ" అని నాతో ఒకసారి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

జాతర మూడు రోజులుందనగా మళ్ళీ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, చేపల చుట్ట లేదు. డాక్టరుగారు మేనకోడలి పెళ్ళికని మద్రాసు వెళ్ళారు. ఆసుపత్రిలో నేను తప్ప ఎవరూ లేరు.

"డాక్టరుగారు లేరు పెద్దాయనా. వారం దాకా రారు."

"తెలుసండీ. కింద కొట్టోళ్ళు సెప్పారు."

"మరి తెలిసి మెట్లెక్కటం ఎందుకు?"

"మీరున్నారుగదండీ" అన్నాడు. "అయ్యగారి సూది కన్నా మీ సూదే మెత్తన. మీ హస్తవాసి మంచిదని మా ఆడది కూడా అంటది. ఒక్కటేసెయ్యండి బాబూ. జాతర గడవనీండి, ఆర్నెల్లు కాదు, ఏడాది గట్టెక్కి కూకుంటాను."

కాదన్నాను. రెండుసార్లు కాదన్నాను. మూడోసారి కాదనలేదు. ఆయన మీద జాలే కారణమని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. జాలి ఉంది, లేదనను. కానీ అసలు సంగతి వేరు. చదువు అబ్బని పంతులుగారి అబ్బాయిని ఒక మనిషి డాక్టరు కన్నా మిన్న అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను. అంతే. సిగ్గుచేటు.

ఆ సూది వెయ్యటం వందసార్లు చూశాను. బొటనవేలితో ఎముక అంచు తడిమాను. పొడిచాను. మందు తేలిగ్గా దిగలేదు. ఏదో గట్టిదానికి అడ్డం పడ్డట్టు పిస్టను ఆగింది. అడ్డం తగిలితే సూది వెనక్కి లాగాలని డాక్టరుగారు ఎన్నిసార్లు అన్నారో నాకు లెక్క లేదు. నేను బలంగా నొక్కాను. మందు లోపలికి వెళ్ళింది. పెద్దాయన కళ్ళు మూసుకుని తువ్వాలు కరుచుకుని ఉన్నాడు. పుస్తకంలో రాయలేదు. సీసా చెత్తబుట్ట అడుగున పెట్టాను.

"గుండ్రంగా పడుద్ది, సూడండి" అంటూ చెయ్యి తలమీదుగా ఊపుకుంటూ మెట్లు దిగి వెళ్ళాడు.

మూడు వారాలకి వచ్చాడు. చేపల చుట్ట ఉంది, ఎడమచేతిలో. పామర్రు బస్సు మీద తగువు లేదు. నేనే "ఏం పెద్దాయనా, అల్లుడు ఎలా ఉన్నాడు?" అని పలకరించాను. ఆయన చుట్ట నాకు అందించి, "సప్పుడు సెయ్యటం లేదండీ. ఇంట్లో ఉన్నాడో లేడో తెలవటం లేదు" అన్నాడు.

లోపల డాక్టరుగారు చెయ్యి ఎత్తమన్నారు. ఎత్తాడు. రొమ్ము దాకా వచ్చింది, ఆగింది. మెడా మొహమూ అంతా బిగించాడు. చెయ్యి కదల్లేదు. "నెప్పి లేదండీ" అన్నాడు, ఏదో దొంగతనం చేసినట్టు. "అస్సలు లేదు. ఎత్తుదామంటే లేవటం లేదు."

డాక్టరుగారు వేళ్ళతో భుజం అంతా తడిమి చూశారు. నరం తెగిపోయిందన్నారు. ఆపరేషనుకి మద్రాసు వెళ్ళాలన్నారు, వెళ్ళినా మునుపటి చెయ్యి రాదన్నారు. తర్వాత ఆయన కళ్ళలోకి చూసి, "నేను వేసినవి రెండే. వద్దన్నాక ఇంకోటి ఎవరి దగ్గర వేయించుకున్నావు? నిజం చెప్పు" అన్నారు.

నేను తలుపు దగ్గర ఉన్నాను. ఉద్యోగం పోతుంది, నాన్న మొహం ఎలా చూడాలి, ఇవే నా ఆలోచనలు. ఆయన చెయ్యి గురించి ఆ క్షణంలో నేను ఆలోచించలేదు. అది కూడా రాసేస్తున్నాను.

"బస్టాండు కాడ ఎవరో డాట్రండీ" అన్నాడు పెద్దాయన. "పేరు తెలవదు." నా వైపు తిరగలేదు.

డాక్టరుగారు ఆ లేని డాక్టరుని పావుగంట తిట్టారు. నేను నిలబడి విన్నాను.

వెళ్ళబోతూ ఆయన బల్ల మీద దుప్పటి కొస ఎడమచేత్తో పట్టుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్ళాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ కింద పెట్టి ముడతలు సవరించాడు. మెట్ల దగ్గర "పెద్దాయనా, నేను" అన్నాను.

"ఊరుకోండి బాబూ" అన్నాడు. "వల గుండ్రంగా పడింది. ఊరంతా సూసింది. పడినాక సెయ్యి కిందకొచ్చి మళ్ళీ లేవలేదు, అంతేగా." రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "పులుసు పెట్టించండి. ఈసారి మంచి సేప."

ఆ సాయంత్రం ఆ చుట్ట ఆయమ్మకి ఇవ్వలేదు. పారేయలేదు కూడా. రెండు రోజులు మందుల బీరువా వెనక దాచుకున్నాను. చివరికి ఆయమ్మే వాసన పట్టి తీసుకుపోయింది.

ఆయన మళ్ళీ రాలేదు. గట్టెక్కాడని, వేరేవాళ్ళ తాళ్ళు ఎడమచేత్తో లాగుతున్నాడని, ఆ వైపు నుంచి వచ్చిన ఒక పేషెంటు చెప్పాడు. పామర్రు వెళ్ళినప్పుడల్లా ఆ వైపు పోయే అవనిగడ్డ బస్సు కనిపించేది. ఎక్కితే చాలు. ఒకసారి ఫుట్‌బోర్డు మీద కాలు కూడా పెట్టాను. వెళ్ళి ఏం చెప్పను? కాలు తీసేశాను.

డెబ్బై ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చింది. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. వారం తర్వాత డాక్టరుగారు, నేను, ఇంకో నలుగురం కలరా సూదులు వెయ్యటానికి ఆ వైపు వెళ్ళాం. దారి పొడవునా చూసినవి రాయను. ఒక బడిలో శిబిరం పెట్టారు. గోడకి పోయినవాళ్ళ పేర్లు కాగితాల మీద రాసి అంటించారు. పరిగెత్తినట్టు వెళ్ళి చదివాను. ఆయన పేరు ఉంది. దాని కింద మళ్ళీ అదే పేరు. ఆ కింద మళ్ళీ అదే. ఇంటిపేర్లే తేడా. పదకొండు దాకా లెక్కపెట్టి ఆపేశాను. మా పుస్తకంలో రాసుకున్న "వల పెద్దాయన" ఆ గోడ మీద ఎక్కడా లేడు.

సూదుల వరసలో మగవాళ్ళు వస్తే ముందు కుడి భుజం చూసేవాణ్ణి. చాలామంది రొమ్ముల మీద, చేతుల మీద గాట్లు. తుమ్మచెట్లు కావలించుకుని బతికినవాళ్ళు వాళ్ళు. ఎత్తైన ఆ గుండ్రటి భుజం మాత్రం రాలేదు.

మధ్యాహ్నం వేళ ఒక పొడుగాటి మనిషి వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఎవరిదో తెల్లచీర. జుట్టు బురద కట్టి ఉంది. "పామర్రు బాబు గదండీ?" అంది. నేను గుర్తుపట్టలేదనుకుంది. "నేనండీ. అల్లుడి అత్తగార్ని."

ఆవిడే చెప్పింది, వంటింటి సంగతి చెబుతున్నంత నెమ్మదిగా.

"నన్ను తుమ్మసెట్టెక్కించాడండీ. ఎడం సేత్తోనే ఎత్తాడు. నేను కొమ్మ మీన బోర్లా పడి, నీ సెయ్యియ్యవయ్యా అన్నాను. ఎడం సేత్తో మాను పట్టుకున్నాడు, అది వదిలితే పోతాడు. కుడిసెయ్యి ఎత్తాడు." ఆవిడ తన కుడిచెయ్యి ఎత్తింది. రొమ్ము దాకా తెచ్చి ఆపింది. "ఇంతవరకే వచ్చిందండీ. ఇంకో జానెడు లేస్తే అందుకునేదాన్ని. నేను వొంగీ వొంగీ సూశాను. ఇంతవరకే."

ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఉంది. దించమని నేను చెప్పలేకపోయాను.

"అయినా మీ సూది సలవండీ బాబూ" అంది. "అప్పట్నించీ ఆ సేతికి నెప్పన్నదే లేదు. పొయ్యేటప్పుడు కూడా నెప్పి లేకుండానే పొయ్యాడు. అదొక్కటే నాకు."

చెయ్యి ఎందుకు పోయిందో ఆయన ఆవిడకి కూడా చెప్పలేదు. చెరువంత నోరేసుకుని ఊరందరితో మాట్లాడే మనిషి, ఆ ఒక్క మాటా దాచుకుని పోయాడు. ఇక చెప్పాల్సింది నేనే. తెగింది ఆ సూది వల్లేనమ్మా, వద్దన్న సూది నేను వేశాను, అని. ఒక్క వాక్యం. నోరు తెరిచాను. వెనక వరసలో యాభై మంది నిలబడి ఉన్నారు. ఆవిడ అప్పటికే చెంగు తప్పించి, జబ్బ చూపించి, మొహం పక్కకి తిప్పుకుంది. దూదితో స్పిరిటు రాశాను. వేశాను.

ఆవిడ చెయ్యి రుద్దుకుంటూ నా వైపు చూసింది. "దిగినట్టే లేదండీ" అంది. "ఆయన సెప్తానే ఉండేవోడు, మీది మంచి హస్తవాసని."